కణానికి శక్తి, రోగికి మందు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

తెలుగునేల కన్న శాస్త్రవేత్తల్లో డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారిది అగ్రస్థానం. ఆయన కృషితో వచ్చిన మందులు వాడినవారు ప్రపంచమంతటా ఉన్నారు. ఆయన పేరు తెలిసినవారు మాత్రం తక్కువ. వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుని జీవితం రాసుకోవడం మనకు ఆనవాయితీ. ఈసారి వికారాబాద్, తాండూరు హాస్టళ్లలో చదువుకున్న మేమంతా కలిసి ఆయన జీవితాన్ని ఎంచుకున్నాం. అందుకు కారణం ఉంది. కణం ఎప్పుడు పెరగాలి, ఎప్పుడు ఆగాలి అనే పాఠం బైపీసీ చదివే మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు కష్టంగా తోస్తుంది. ఆ పాఠం మొదట్లోనూ, చివరనూ ఈ తెలుగువాడి చేయి ఉంది.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. ఆరోగ్యం చెడి ముందే ఉద్యోగం మానుకోవడంతో ఇల్లు గడవడం కష్టమైంది. తల్లి వెంకమ్మ గారు పట్టుబట్టి కొడుకును చదివించారు. మెట్రిక్ పరీక్ష ఆయనకు ఒకసారికి అందలేదు, రెండోసారికీ అందలేదు. మూడో ప్రయత్నంలో మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు. తర్వాత ప్రెసిడెన్సీ కళాశాల, ఆపైన మద్రాసు వైద్య కళాశాల.

అది గాంధీజీ పిలుపుతో యువకులు ఖద్దరు కడుతున్న కాలం. సుబ్బారావు గారు శస్త్రచికిత్స గదిలోకి కూడా ఖద్దరు కోటుతోనే వెళ్లారు. ఆంగ్లేయ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టా చేతికి వచ్చింది. ప్రభుత్వ వైద్య ఉద్యోగానికి దారి మూసుకుపోయి, మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. సోదరుడు పురుషోత్తం స్ప్రూ అనే పేగుల జబ్బుతో కన్నుమూశాడు. తిన్నది ఒంటికి పట్టక, రక్తం క్షీణించి మనిషి కరిగిపోయే జబ్బు అది. మందు లేని జబ్బులకు మందు వెతకాలన్న పట్టుదల ఆయనలో ఆ దుఃఖంతో మరింత గట్టిపడింది.

అమెరికా వెళ్లడానికి డబ్బు లేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామని మాట ఇచ్చింది. మామగారు మరికొంత సమకూర్చారు. భార్య శేషగిరి గారిని ఇక్కడే ఉంచి బయలుదేరి, 1922 అక్టోబర్ 26న బోస్టన్ చేరారు. హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా చదువుతూ, పొట్ట గడవడానికి రాత్రిపూట ఆసుపత్రిలో కూలి పనులు చేశారు.

ఆ తర్వాత హార్వర్డు జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతిని వారిద్దరూ 1925లో ప్రకటించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే పేరుతో అది దశాబ్దాల పాటు ప్రయోగశాలల్లో నిలిచింది. అదే కొలతతో కండరాలను పరిశీలించి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వెలికితీశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నాడు. మనం పరుగెత్తినా, ఊపిరి పీల్చినా, ఆలోచించినా కణం ఖర్చు పెట్టేది ఈ ఏటీపీనే.

ఏటీపీ పని శక్తినివ్వడంతో ముగియదు. ఆ సంగతి సుబ్బారావు గారి తర్వాత తేలింది. ఏటీపీలోని ఫాస్ఫేటును ప్రోటీన్లకు తగిలించి, తీసేసి, కణం తన పనులను నడుపుకుంటుందని ఎడ్విన్ క్రెబ్స్, ఎడ్మండ్ ఫిషర్ 1950ల్లో చూపారు. దానికి 1992లో నోబెల్ బహుమతి అందుకున్నారు. కణాలకు పెరగమని కబురు తెచ్చే వృద్ధి కారకాలను కనుగొన్నందుకు స్టాన్లీ కోహెన్, రీటా లెవీ-మోంటాల్చినీలకు 1986లో నోబెల్ వచ్చింది.

ఈ రెండూ కలిస్తే జరిగేది మనకు తెలిసిన ఉదాహరణతో చెబుతాం. మీసేవ రాకముందు స్కాలర్‌షిప్పు కోసం ఆదాయ ధ్రువపత్రం ఎలా తెచ్చుకునేవాళ్లమో పూర్వ విద్యార్థులకు గుర్తుండే ఉంటుంది. కాగితం ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు పోయేది. ప్రతి బల్ల దగ్గరా ఒక ముద్ర పడాలి. కణంలోనూ అంతే. వృద్ధి కారకం వచ్చి కణం పైపొర మీది గ్రాహకాన్ని తాకుతుంది. రెండు గ్రాహకాలు జతకడతాయి. ఏటీపీ నుంచి ఫాస్ఫేటు తీసి ఒకదాని మీద ఒకటి ముద్ర వేసుకుంటాయి. ఆ ముద్ర చూసి లోపలి ప్రోటీన్లు కదులుతాయి. రాస్ అనే ప్రోటీన్ మేలుకుంటుంది. దాని వెనక కైనేజులు అనే ఎంజైములు వరుసగా ఒకదానికొకటి ఫాస్ఫేటు ముద్ర వేసుకుంటూ పోతాయి. చివరికి కబురు కేంద్రకానికి చేరి, విభజన మొదలు పెట్టమని జన్యువులను లేపుతుంది.

ముద్ర వేసేవారితో పాటు చెరిపేవారూ ఉండాలి. ఫాస్ఫటేజులు ఆ ఫాస్ఫేట్లను తీసేస్తాయి. రాస్ కాసేపటికి తిరిగి నిద్రలోకి పోతుంది. పని అయిన గ్రాహకాలను కణం లోపలికి లాక్కుని, చాలావాటిని నాశనం చేస్తుంది. అందుకే చేతికి తగిలిన గాయం మానుతుంది, మానిన చోట పెరుగుదల ఆగుతుంది. జన్యువులో దోషం వచ్చి, ముద్ర చెరగకుండా అలాగే ఉండిపోతే కణం ఆగకుండా విడిపోతూ పోతుంది. క్యాన్సర్‌కు ఒక పెద్ద మూలం ఇదే. 2001లో అమెరికాలో అనుమతి పొందిన ఇమాటినిబ్ అనే మందు, ఒక రకం రక్త క్యాన్సర్‌లో, దారితప్పిన కైనేజులో ఏటీపీ కూర్చునే చోట తాను కూర్చుని ఆ ముద్ర పడకుండా చేస్తుంది.

ఇక పాఠం చివర. కబురు అందిన కణం రెండుగా చీలాలంటే డి.ఎన్.ఎ.కు నకలు తీయాలి. దానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. ఇటువంటి పదార్థం ఒకటి ఉందని 1931లో లూసీ విల్స్ తెలిపింది మన దేశంలో, బొంబాయిలో రక్తహీనతతో బాధపడే గర్భిణులను పరిశీలించే. సుబ్బారావు గారు 1930లో పీహెచ్.డి. పొందినా హార్వర్డులో స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ సంస్థలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. సోదరుణ్ని తీసుకుపోయిన స్ప్రూకు అది మందుగా పనికివచ్చింది. తాండూరు కందిపప్పులో, తోటకూరలో ఉండేదీ అదే విటమిన్. ఎదిగే వయసు పిల్లలకు వారానికోసారి ఇచ్చే నీలిరంగు మాత్రలో ఇనుముతో పాటు ఉండేదీ అదే.

పెరుగుదలకు కావలసింది ఇదైతే, దాన్ని అడ్డుకుంటే క్యాన్సర్ ఆగదా? సుబ్బారావు గారి బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను తయారు చేసింది. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని ల్యుకేమియా సోకిన 16 మంది పిల్లలకు ఇచ్చారు. 10 మందిలో జబ్బు తాత్కాలికంగా తగ్గింది. 1948లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. మళ్లీ తిరగబెట్టినా, రక్త క్యాన్సర్‌ను మందుతో వెనక్కి నెట్టవచ్చని లోకానికి తెలిసింది. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ పిల్లల ల్యుకేమియాకు, కీళ్లవాతానికి నేటికీ వాడుతున్నారు. బోదకాలుకు ఇచ్చే హెట్రజాన్, బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ కూడా ఆయన నడిపిన పరిశోధనశాల నుంచే వచ్చాయి.

1948 ఆగస్టులో, 53వ ఏట, నిద్రలోనే గుండె ఆగి ఆయన కన్నుమూశారు. 1922లో వదిలి వెళ్లిన భార్యను మళ్లీ చూడలేదు. నోబెల్ రాలేదు. తన పేరు ముందుకు రాకపోయినా పట్టించుకోలేదు. మన ప్రభుత్వం 1995లో ఆయన శతజయంతికి తపాలా బిళ్ల విడుదల చేసింది.

ఆయన పుట్టిన నేపథ్యం, మనం పుట్టిన నేపథ్యం ఒకటి కావు. ఆయనకు లేని అడ్డంకులు మనకు ఉన్నాయి. ఆ తేడాను దాచి, ఆయన చేశాడు గనుక మీరూ చేయండి అనడం న్యాయం కాదు. అయినా రెండు సంగతులు మనవి. ఒకటి, రెండుసార్లు పరీక్ష తప్పినవాడు ఆ తర్వాత కూడా చదువులో ఉండగలిగాడు. రెండు, అలా ఉండగలగడానికి తల్లి పట్టుదల, ఒక ధర్మసంస్థ మాట తోడయ్యాయి. పదో తరగతిలో గాని, ఇంటర్‌లో గాని తప్పి, పెట్టె సర్దుకుని ఊరికి పోయి నాపరాయి గనుల్లో కూలికి చేరిన మిత్రులు మాలో ప్రతి ఒక్కరికీ ఉన్నారు. వారిలో ఎవరు ఏమయ్యేవారో మనకు తెలిసే అవకాశమే లేకుండా పోయింది.

పూర్వ విద్యార్థులైన మిత్రులారా, ఈ ఏడాది మన హాస్టల్లో పరీక్ష తప్పిన పిల్లల పేర్లు వార్డెన్ గారిని అడిగి తెలుసుకుందాం. ఒక్కొక్కరం ఒక్కరి సప్లిమెంటరీ ఫీజు, రెండు నెలల భోజనం ఖర్చు భరిద్దాం. తప్పిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పెట్టెలు అప్పుడే సర్దకండి. మూడో ప్రయత్నానికి కూడా హాస్టల్లో చోటు ఉండేలా చూసే పూచీ మాది.