మూటలు మోసిన టెన్సింగ్

జనగామ నుండి హైదరాబాదుకు రైలులో వెళ్ళినప్పుడల్లా భువనగిరి గుట్ట కనిపిస్తుంది. 2014లో ఎవరెస్టు ఎక్కిన మన పూర్ణ, ఆనంద్ ఆ గుట్టపైనే శిక్షణ పొందారు. నాకు మాత్రం టెన్సింగ్ నార్గే గారు గుర్తొస్తారు.

1914లో పుట్టిన ఆయన 1935లో ఎవరెస్టు యాత్రకు మూటలు మోసే కూలీగా చేరారు. 1938 యాత్ర తరువాత హిమాలయన్ క్లబ్ వారి ‘టైగర్’ పతకం దక్కింది. 1952లో స్విస్ జట్టుతో శిఖరానికి చేరువై వెనుదిరిగారు. 1953 మే 29న హిల్లరీతో కలిసి శిఖరమెక్కారు. బ్రిటిష్ వారు హిల్లరీకి, జట్టు నాయకుడు హంట్‌కు ‘సర్’ బిరుదులిచ్చి, ఈయనకు జార్జి మెడల్‌తో సరిపెట్టారు. సీనియారిటీ జాబితాలు రాసిన చేతికి ఇది మింగుడుపడదు! మన ప్రభుత్వం 1959లో పద్మభూషణ్ ఇచ్చింది. డార్జిలింగు పర్వతారోహణ సంస్థలో ఎందరికో కొండలెక్కడం నేర్పి, 1986లో కన్నుమూశారు. సాహసికులకిచ్చే జాతీయ పురస్కారం నేడు ఆయన పేరిటే ఉంది.