పక్క గదిలో డొరతీ

తెలుగు భాషకు వ్యాకరణం రాసి 1814లో శ్రీరాంపూర్‌లో అచ్చువేయించిన విలియం కేరీని మనమంతా ఎరుగుదుము. చెప్పులు కుట్టిన కుర్రవాడు మహా పండితుడయ్యాడని సండే స్కూలు పిల్లలకు చెబుతుంటాం. ఆయన భార్య డొరతీ మాత్రం ఎందుకో మన ప్రసంగాల్లోకి అంతగా రాదు.

1781లో వారి వివాహమైంది. ఇండియాకు రావడం డొరతీకి ఇష్టం లేదు. చెల్లెలు కిట్టీ తోడు వస్తానన్నాకే, చంకలో పసిబిడ్డతో 1793లో ఓడ ఎక్కింది. మరుసటి ఏడు ఉత్తర బెంగాల్‌లోని మదనావతిలో అయిదేళ్ల పీటర్ విరేచనాలతో చనిపోయాడు. అప్పటికి చెల్లెలు కూడా దగ్గర లేదు. డొరతీకి మతి చలించింది. భర్త మీద లేనిపోని అనుమానాలు, కేకలు, కొన్నిసార్లు మీదపడి కొట్టబోవడం! 1807 డిసెంబరులో కన్నుమూసేదాకా దాదాపు పన్నెండేళ్లు అంతే. గదిలో ఉంచి తలుపు వేయవలసిన రోజులూ వచ్చాయి. పిచ్చాసుపత్రికి పంపమన్న సలహాకు మాత్రం కేరీ ఒప్పుకోలేదు. ఆమె పక్క గదిలో అరుస్తుంటే ఇవతల బైబిలు అనువాదం సాగేది. 1800 డిసెంబరు 28న కృష్ణపాల్ బాప్తిస్మం తీసుకున్న ఆ సంతోష దినాన కూడా డొరతీ గదిలోనే ఉంది.

1801లో ఫోర్ట్ విలియం కళాశాలలో కేరీ జీతం నెలకు 500 రూపాయలు, తరువాత 1000. అది మిషను ఉమ్మడి ఖాతాలో జమయింది. హన్నా మార్ష్‌మన్ నడిపిన బడి ఆదాయమూ జమయింది. తల్లి ఉండీ లేనట్లయిన కేరీ పిల్లలను ఆ హన్నాయే సాకింది. ఆ శ్రమ ఏ ఖాతాలో ఉంది?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో బీడీలు చుట్టే అక్కలకు ఈ లెక్క ఎవరూ నేర్పనక్కరలేదు. వారికి వెయ్యి బీడీలకు ఇంతని కూలి. పక్షవాతం వచ్చిన మామను పక్కకు తిప్పి, గుడ్డలు మార్చి, గంజి తాగించి, మళ్లీ చాట ముందు కూర్చునేసరికి పూట గడిచిపోతుంది. చుట్టకుండా మిగిలిన బీడీలే ఆ సేవకు ధర. గల్ఫ్ నుంచి కొడుకు మందులకు డబ్బు పంపితే ఊరంతా మెచ్చుకుంటుంది. రాత్రులు మేలుకున్న కోడలేమో ఇంట్లో ఖాళీగా ఉన్నట్టు! ఈ మాట మాకు ఎన్నడూ మింగుడుపడదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 64 దేశాల వివరాలు చూసి 2018లో చెప్పినదాని ప్రకారం, ఇంటిపనితో కలిపి జీతంలేని ఇలాంటి సేవ రోజుకు 1640 కోట్ల గంటలు. అందులో నాలుగింట మూడు వంతులు స్త్రీలదే.

కేరీ 1808లో షార్లెట్‌ను పెళ్లాడాడు. నడవడం కష్టమైన మనిషి ఆమె. 1821లో ఆమె కూడా పోయింది. 1823లో గ్రేస్ భార్యగా వచ్చింది. ఆ ఏడే అక్టోబరులో పడవ దిగుతూ జారిపడి కేరీ తుంటికి దెబ్బ తగిలింది. పైన జ్వరం, ప్రాణాల మీదికి వచ్చింది. ఇప్పుడు మంచం మీద కేరీ, పక్కన గ్రేస్. 1834 జూన్ 9న ఆయన కన్నుమూసే వరకు ఆ ఇంట్లో ఆమే తోడు.

శ్రీరాంపూర్ ఆస్తిలో తనకు ఏ హక్కూ లేదని కేరీ వీలునామాలో రాశాడు. తాను సేకరించిన వస్తువులు కళాశాలకు ఇచ్చాడు. గ్రంథాలయంలోని ఇంగ్లిషు పుస్తకాల్లో గ్రేస్ తనకు కావలసినవి తీసుకోవచ్చన్నాడు. మిగిలినవి వేలం వేసి, వచ్చిన డబ్బులో 1500 రూపాయలు కుమారుడు జాబెజ్‌కు ఇమ్మన్నాడు.