సొంత దేశంలో కొనేవాళ్లే లేరు.. పారిస్‌లో గోల్డ్ మెడల్! ఎవరీ జాన్ కాన్‌స్టేబుల్?

పేరు వినగానే పోలీసు అనుకుంటాం. కానీ జాన్ కాన్‌స్టేబుల్ చేతిలో ఉన్నది లాఠీ కాదు.. కుంచె. ఇంగ్లండ్ పల్లె అందాలను ప్రపంచానికి చూపించిన చిత్రకారుడు ఆయన.

1776 జూన్ 11న సఫక్ ప్రాంతంలోని ఈస్ట్ బెర్గోల్ట్‌లో జన్మించారు. తండ్రి ధాన్యం వ్యాపారి. స్టౌర్ నది ఒడ్డున నీటితో తిరిగే పిండిమరలు ఉండేవి. కొడుకు వాటిని చూసుకుంటాడని తండ్రి ఆశ. కాన్‌స్టేబుల్ కొన్నాళ్లు మిల్లులో పని చేశారు కూడా. కానీ మనసంతా బొమ్మల మీదే! 1799లో లండన్‌ వెళ్లి రాయల్ అకాడమీ స్కూల్లో చేరారు.

అప్పట్లో పురాణ గాథలు, చరిత్ర ఘట్టాల చిత్రాలకే గౌరవం. ఈయనకేమో సొంతూరి నది, చెట్లు, మబ్బులే ఇష్టం. దాంతో సంపాదన అంతంతమాత్రం. పొట్టకూటికి పోర్ట్రెయిట్లు వేసేవారు.

ప్రేమ కథలోనూ కష్టాలే. 1809లో మరియా బిక్నెల్‌తో ప్రేమలో పడ్డారు. ఊరి చర్చి ఫాదర్‌గా ఉన్న ఆమె తాత ససేమిరా అన్నారు. పెళ్లి చేసుకుంటే ఆస్తి ఇవ్వనని బెదిరించారు. ఇద్దరూ ఏడేళ్లు ఎదురుచూశారు. 1816లో తండ్రి మరణంతో కాన్‌స్టేబుల్‌కు ఆస్తిలో వాటా వచ్చింది. ఆ ఏడాదే పెళ్లి జరిగింది. వాళ్లకు ఏడుగురు పిల్లలు.

1821లో 'ది హే వెయిన్' గీశారు. నది నీళ్లలో నిలబడ్డ గుర్రపు బండి, పక్కనే ఓ పాత ఇల్లు.. అంతే. లండన్ ప్రదర్శనలో పెడితే ఎవరూ కొనలేదు! తర్వాత ఓ వ్యాపారి కొని ఫ్రాన్స్‌కు తీసుకెళ్లాడు. 1824లో పారిస్ ప్రదర్శనలో అది సంచలనం. రాజు పదో చార్లెస్ గోల్డ్ మెడల్ ప్రకటించారు. కాన్‌స్టేబుల్ మాత్రం పారిస్ వెళ్లలేదు. జీవితంలో ఎప్పుడూ బ్రిటన్ దాటలేదు.

1828 నవంబర్‌లో మరియా క్షయతో కన్నుమూశారు. పిల్లల భారమంతా ఆయనపైనే పడింది. మూడు నెలలు తిరక్కుండానే రాయల్ అకాడమీ పూర్తి సభ్యత్వం దక్కింది. అదీ ఒకే ఒక్క ఓటు తేడాతో! అప్పటికి ఆయన వయసు 52. ఏళ్ల తరబడి ఎదురుచూసిన గౌరవం వచ్చినా, చూసి సంతోషించడానికి భార్య లేరు.

1837 మార్చి 31న లండన్‌లో ఆయన మరణించారు. నాడు కొనేవాళ్లు లేని 'ది హే వెయిన్' ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. ఆయన పెరిగిన ఆ నదీ తీరాన్ని అందరూ పిలిచే పేరు.. కాన్‌స్టేబుల్ కంట్రీ!