కొంగల కోసం తేనీటి విందు

పిల్లలూ! ఎగిరే తెల్లకొంగల్ని చూసి, గోళ్ళ మీద తెల్లచుక్కలు పెట్టమని పాడుతూ చేతులు ఊపే ఆట మీ అమ్మమ్మగారిని అడగండి, చెబుతారు. అలాంటి కొంగలనే అమెరికాలో కాపాడిన ఒకావిడ కథ ఇది.

ఆవిడ పేరు హ్యారియెట్ హెమెన్‌వే. 1858లో పుట్టారు. బోస్టన్‌లో బాగా కలిగిన కుటుంబం. ఆ రోజుల్లో దొరసానులు పక్షి ఈకల టోపీలు పెట్టుకోవడం పెద్ద ఫ్యాషన్. కొంగలకు ఆ అందమైన ఈకలు గూడు కట్టి పిల్లల్ని పెంచే కాలంలోనే వస్తాయి. ఫ్లోరిడా చిత్తడి నేలల్లో వేటగాళ్ళు సరిగ్గా అప్పుడే పెద్ద పక్షుల్ని కాల్చేవారు. గూళ్ళలో పిల్లలు ఆకలితో చనిపోయేవి.

1896లో ఈ సంగతి చదివి హ్యారియెట్ గారు చలించిపోయారు. బంధువైన మిన్నా హాల్‌ను కూర్చోబెట్టుకుని, ఊళ్ళోని గొప్పింటి వారి పేర్లున్న పుస్తకం తెరిచారు. ఈకల టోపీలు పెట్టుకునే ఆడవారి పేర్లకు గుర్తులు పెట్టి, వాళ్ళనే తేనీటికి పిలిచారు! (తిట్టడం కన్నా ఇదే తెలివైన పని అనిపిస్తుంది నాకు.) సుమారు 900 మంది స్త్రీలు ఈకలు మానేశారు.

అదే ఏడాది మాసచూసెట్స్ ఆడుబాన్ సొసైటీ ఏర్పడింది. అధ్యక్షుడిగా మాత్రం పక్షి శాస్త్రవేత్త విలియం బ్రూస్టర్‌ను పెట్టారు. దేశమంతటా స్త్రీలకు ఓటు హక్కు రావడానికి ఇంకా 24 ఏళ్ళుంది మరి! 1897లో ఆ రాష్ట్రం అడవి పక్షుల ఈకల వ్యాపారాన్ని నిషేధించింది. 1918లో వలసపక్షుల రక్షణకు దేశమంతటికీ చట్టం వచ్చింది. హ్యారియెట్ గారు నూరేళ్ళు దాటి జీవించి 1960లో కన్నుమూశారు.