గాలం పట్టిన బట్టల వర్తకుడు: ఐజాక్ వాల్టన్

నిరుడు వానకాలంలో ఒక ఆదివారం నాడు నాచారంలోని మా యింటికి నా పూర్వ విద్యార్థి ఒకడు వచ్చినాడు. ఇప్పుడతడు ఉప్పల్‌లో ఉపాధ్యాయుడు. చేతిసంచిలోనుండి పాత గుడ్డలో చుట్టిన చేపల రీలు నొకదానిని తీసి బల్లమీద పెట్టినాడు. అది అతని తండ్రిది. ఆయన నాచారం పారిశ్రామికవాడలో ముప్పై యేండ్లు పనిచేసినవాడు. సెలవునాడు గాలం పట్టుకొని చెరువుగట్టున కూర్చుండేవాడు. ఆయన గతించి మూడేండ్లయినది. ఆనాటినుండి రీలు అటకమీదనే ఉన్నది. ఇప్పుడు దాని పిడి తిరుగుటలేదు. దీనిని బాగుచేయవచ్చునా, పారవేసి కొత్తది కొనవలెనా, కొన్నచో ఎటువంటిది కొనవలెను అని అతడడిగినాడు. ఈ విద్యలో నాకు కొంత ప్రవేశమున్నదని అతనికి తెలుసు.

మరలు ఒక్కొక్కటే విప్పుతూ, ప్రశ్నలకు వెంటనే జవాబు చెప్పక, నేనతనికి ఐజాక్ వాల్టన్ కథ చెప్పినాను. గాలం పట్టిన ప్రతివాడును తెలిసికొనవలసిన జీవితమది. గాలం పట్టనివాడు కూడ తెలిసికొన్నచో నష్టం లేదు.

వాల్టన్ 1593లో ఇంగ్లండు మధ్యభాగమందలి స్టాఫర్డు పట్టణంలో జన్మించినాడు. అప్పటికి మహమ్మద్ కులీ కుతుబ్ షా మన హైదరాబాదుకు పునాది వేసి రెండేండ్లే అయినది. వాల్టన్ తండ్రి చిన్న పానశాల నడిపేవాడు. కుమారునికి నాలుగేండ్లు నిండకముందే ఆయన చనిపోయినాడు. పెద్ద చదువులకు అవకాశం లేక బాలుడు లండను చేరి బట్టల వ్యాపారం నేర్చినాడు. 1618లో ఇనుపసామానుల వర్తకసంఘంలో సభ్యత్వం పొందినాడు గాని జీవితమంతా అమ్మినది వస్త్రాలనే. ఫ్లీటు వీధిలోను, దాని ప్రక్కనున్న ఛాన్సరీ లేనులోను ఆయన అంగడులుండేవి.

ఆ పేటలోని సెయింట్ డన్‌స్టన్ దేవాలయానికి 1624లో జాన్ డన్ మహాకవి మతాధికారిగా వచ్చినాడు. కళాశాల గడప త్రొక్కని ఈ వర్తకుడు ఆ పండితకవికి మిత్రుడైనాడు. డన్ 1631లో మరణించినాడు. ఆయన చరిత్ర వ్రాయుటకు పూనుకొన్న సర్ హెన్రీ వాటన్, వాల్టన్ చేత వివరాలు సేకరింపజేసినాడు. కాని వ్రాయకమునుపే 1639లో కన్నుమూసినాడు. ఆ భారం వాల్టన్ మీద పడినది. 1640లో వెలువడిన ఆ చిన్న జీవితచరిత్రతో బట్టల వర్తకుడు రచయిత అయినాడు. తరువాత వాటన్, హూకర్, జార్జి హెర్బర్ట్, శాండర్సన్‌ల చరిత్రలు కూడ వ్రాసినాడు. ఆంగ్లంలో జీవితచరిత్ర రచనకు బాటవేసినవారిలో ఆయన ఒకడు.

ఈ యశస్సు వెనుకనున్న దుఃఖం సామాన్యమైనది కాదు. 1626లో ఆయన రేచల్ అను కన్యను వివాహమాడినాడు. ఏడుగురు బిడ్డలు కలిగినారు. ఏడుగురును చిన్నతనంలోనే పోయినారు. 1640లో రేచల్ కూడ మరణించినది. రెండేండ్లు తిరుగకముందే దేశంలో రాజపక్షానికి, పార్లమెంటు పక్షానికి యుద్ధం మొదలైనది. వాల్టన్ రాజభక్తుడు, లండను పార్లమెంటు పక్షం చేతిలో ఉన్నది. 1644 ప్రాంతంలో ఆయన ఛాన్సరీ లేను విడిచిపెట్టినాడు. 1649లో రాజు మొదటి చార్లెసును శిరచ్ఛేదం చేసినారు. 1651లో వూస్టరు యుద్ధంలో ఓడి ఆ రాజు కుమారుడు పారిపోగా, ఆయన ఆభరణమొకటి చేతులు మారుచు స్టాఫర్డు ప్రాంతంలో వాల్టన్‌కు అందినది. పట్టుబడిన తల పోవును. అయినను ఆయన దానిని రహస్యంగా లండనుకు చేర్చి, అక్కడ బందీగానున్న రాజపక్ష సేనానికి అప్పగించినాడు.

చేపల పుస్తకం వ్రాసినది ఈ మనిషే. 1653లో, తన అరువదవ యేట, ‘ది కంప్లీట్ ఆంగ్లర్’ అను చిన్న పుస్తకాన్ని ఆయన ప్రకటించినాడు. వెల పద్ధెనిమిది పెన్నీలు. పుస్తకం సంభాషణ రూపంలో సాగుతుంది. తరువాతి కూర్పులలో గాలపువాడు, వేటగాడు, డేగలతో వేటాడేవాడు—ఈ ముగ్గురు మే నెలలో ఒక ఉదయం లండనుకు ఉత్తరాన టాటెన్‌హామ్ గుట్టమీద కలిసికొంటారు. లీ అను నది వెంబడి నడుస్తూ మాట్లాడుకొంటారు. ఏ చేప ఏ నీటిలో నుండును, దేనిని తినును, ఏ ఎర వేయవలెను, పట్టినదాని నెట్లు వండవలెను అన్నదంతా అందులోనున్నది. నడుమ పాలు పితికే పడుచుల పాటలు, వానలో చెట్టుక్రింద ముచ్చట్లు. దేశమంతా పగతో మండుచున్న కాలంలో ఈ పుస్తకంలో ఎవరిమీదను కోపం లేదు. సుఖంలో పుట్టి సుఖంలో పెరిగినవాడు అటువంటి ప్రశాంతిని గూర్చి వ్రాసియుండిన మనకు పెద్ద ఆశ్చర్యముండదు. ఎనిమిది సమాధులు చూచినవాడు వ్రాసినాడు; విలువ అక్కడనున్నది.

ఇక సాధనాల మాట. వాల్టన్ వాడిన గాలపుకర్రకు సాధారణంగా రీలు లేదు. గుర్రపు తోకవెండ్రుకలను పేని చేసిన దారాన్ని కర్ర కొసకు కట్టేవారు. బలమైన చేప పడినప్పుడు వదలుటకు దారం లేదు. గట్టిగా పట్టుకొన్నచో తెగును. అప్పుడు కర్రనే నీటిలోకి విసరివేయుమని వాల్టన్ సలహా యిచ్చినాడు. చేప దానిని ఈడ్చుకొనిపోయి అలసినపిమ్మట మరల అందుకొనవచ్చును. మనకిది నవ్వు పుట్టించవచ్చును గాని ఇందులో రీలు యొక్క తత్త్వమంతా ఉన్నది. రీలు పని లాగుట మాత్రమే కాదు. వదలవలసినప్పుడు కొలతగా వదలుట.

రీలు అప్పటికి లోకంలో లేకపోలేదు. చైనా చిత్రకారుడు మా యువాన్ 1195 ప్రాంతంలో వ్రాసిన చిత్రమొకదానిలో పడవలో ఒంటరిగా కూర్చున్న జాలరి కర్రకు చిన్న చక్రం కనబడుతుంది. ఇంగ్లండులో థామస్ బార్కర్ 1651లో తన పుస్తకంలో దానిని పేర్కొన్నాడు. పెద్ద సాల్మన్ చేపలకు కొందరు చక్రం వాడుతున్నారని వాల్టన్ కూడ చెప్పి, అది మాటలతో వర్ణించుటకంటె చూచి తెలిసికొనవలసిన వస్తువని సూచించినాడు. పందొమ్మిదవ శతాబ్ది తొలి దశాబ్దాలలో అమెరికాలోని కెంటకీలో జార్జి స్నైడర్ అను గడియారాల పనివాడు, పిడి ఒకసారి త్రిప్పిన కండె పలుమార్లు తిరుగునట్టి రీలును చేసినాడు. 1905లో ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డులో ఉన్ని మిల్లుల వారైన ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్తు మరొక రీలుకు హక్కుపత్రం పొందినాడు. మిల్లులో కండె కదలక నిలిచియుండగా దాని కొసనుండి నూలు జారిపోవుటయే దానికి మూలమైన ఊహ. ఈనాడు మనవారి చేతులలో ఎక్కువగా కనబడేది ఆ వంశపు రీలే. బట్టల వర్తకుడు గాలపు విద్యకు గ్రంథం వ్రాసినాడు. నూలు కండె గాలానికి రీలు నిచ్చినది.

మన చెరువులను గూర్చి కూడ ఆంగ్లంలో ఒక పుస్తకం పుట్టినది. మదరాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ 1887లో ‘ట్యాంక్ ఆంగ్లింగ్ ఇన్ ఇండియా’ ప్రకటించినాడు. వాల్టన్ విద్య అట్లు చెరువుగట్లకు చేరినది. రవ్వ, బొచ్చె, కొర్రమీను ఉండే మన నీళ్ళకు ఖరీదైన రీలు అక్కరలేదు. 2500 నుండి 4000 వరకు అంకెగల నిలుపుకండె రీలు చాలును. అంగడిలో బేరింగుల సంఖ్య చూచి మోసపోరాదు. పిడిలో కదలిక ఉండరాదు. దారం తాకే చిన్న ఉరుళి స్వేచ్ఛగా తిరుగవలెను. అన్నిటికంటె ముఖ్యం డ్రాగు అనెడి బిగింపు. అది కుదుపు లేక దారాన్ని వదలవలెను. దారం 6 కిలోల బరువు వరకు ఆగేదైతే, సుమారు 1.5 నుండి 2 కిలోల లాగుడుకే డ్రాగు జారునట్లు పెట్టుకొనవలెను. కండె అంచుకు రెండు మిల్లీమీటర్ల క్రింది వరకు దారం చుట్టవలెను. ఎక్కువైన చిక్కుపడును, తక్కువైన దూరం పోదు.

మరల వాల్టన్ కడకు పోదాం. 1647లో ఆయన ఆన్ కెన్‌ను రెండవ పెండ్లి చేసికొన్నాడు. ఈ దాంపత్యంలో ఒక కుమార్తె, ఒక కుమారుడు దక్కినారు. ఆన్ కూడ 1662లో పోయినది. అప్పటికి రాజరికం తిరిగివచ్చినది. మిత్రుడైన జార్జి మోర్లే వించెస్టర్ బిషప్పు అయి ఆయనను ఆదరించినాడు. వృద్ధాప్యంలో ఆయనకు చార్లెస్ కాటన్ అను యువకవి స్నేహం లభించినది. కాటన్ ఆయనకంటె ముప్పై ఆరేండ్లు చిన్న. డవ్ నదిగట్టున 1674లో అతడు చిన్న కుటీరం కట్టించి, ఇద్దరి పేర్ల తొలి అక్షరాలను పెనవేసి రాతిమీద చెక్కించినాడు. 1676 నాటి అయిదవ కూర్పుకు కాటన్ రెండవ భాగం వ్రాసినాడు. తన పుస్తకంలో మరొకనికి చోటిచ్చుట వాల్టన్ స్వభావానికి తగియున్నది.

1683 డిసెంబరు 15న, గడ్డకట్టే చలిలో, తొంబది యేండ్ల వయస్సున ఆయన వించెస్టర్‌లో కన్నుమూసినాడు. అక్కడి మహాదేవాలయంలోనే సమాధి. స్టాఫర్డు సమీపంలోని తన భూమి రాబడిని ఆ పట్టణపు పేద బాలురకు వృత్తివిద్య నేర్పించుటకు, పేదలకు చలికాలంలో బొగ్గు కొని యిచ్చుటకు వినియోగింపుమని మరణశాసనం వ్రాసినాడు. తండ్రిలేని బాలుడుగా తాను విడిచివచ్చిన ఊరిని ఆయన మరువలేదు.

చేపలు గ్రుడ్లు పెట్టే నెలలలో వేట కూడదని, దానికి చట్టాలుండియు అమలు జరుగుటలేదని వాల్టన్ ఆనాడే బాధపడినాడు. మన దేశంలోను నీటిలో మందుగుండు పేల్చి, విషం కలిపి చేపలను చంపరాదని 1897లోనే చట్టం వచ్చినది. ఆయన నడిచిన లీ నది సంగతి ఇంకను గమనింపదగినది. దాని దిగువభాగం తూర్పు లండనులోనిది. పందొమ్మిదవ శతాబ్దిలో దాని గట్లనిండ కర్మాగారాలు వెలిసినవి, నీరు పాడైనది. 2012 ఒలింపిక్ క్రీడల కొరకు ఆ లోయను శుభ్రపరచి ఉద్యానం చేసినారు. మన తూర్పు హైదరాబాదు కథ దానికి దగ్గరిదే. ఇక్కడను కర్మాగారాలున్నవి, ఉప్పల్‌లో పెద్ద క్రీడామైదానమున్నది, నల్లచెరువు, నాచారం పెద్దచెరువు ఉన్నవి, దక్షిణాన మూసీ ఉన్నది. నగరపు మురుగు ఈ నీళ్ళను ఎంత పాడుచేసినదో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. లీ గట్టున సాధ్యమైనది మూసీ గట్టున సాధ్యం కాకపోదు. కాని అది ఒకనాటితో ముగిసే పని కాదు. దినదినమును చేయవలసిన సంరక్షణ.

కథ ముగిసేసరికి రీలు మూత ఊడి వచ్చినది. లోని గ్రీజు ఎండి జిగురైనది. అందులో సన్నని ఇసుక. డ్రాగు మరను గట్టిగా బిగించి ఉంచినందున లోపలి బిళ్ళలు అణగిపోయినవి. పాత గ్రీజును తుడిచి, పండ్లచక్రాలకు కొత్తది పలుచగా పూసినాము. ఇరుసులకు, ఉరుళికి ఒక్కొక్క చుక్క నూనె వేసినాము. బిళ్ళలు మాత్రం మార్చవలసి వచ్చినది. వేట ముగిసిన ప్రతిసారి మంచినీటి తడిగుడ్డతో తుడిచి నీడన ఆరబెట్టుమని, ఇసుకమీద పెట్టవద్దని, దాచేముందు డ్రాగు వదులుచేయుమని అతనికి చెప్పినాను. ఏ చెరువుకైనను అక్కడి మత్స్యకార సంఘం అనుమతితోనే పోవలెనని కూడ చెప్పినాను.

పిడి త్రిప్పగా మొదట గరగరలాడి, పిమ్మట మెల్లగా తిరిగినది. అతడు కొంతసేపు దానిని త్రిప్పుతూనే కూర్చున్నాడు. కొత్తది కొనుటను గూర్చి మరల అడుగలేదు. పోతూ పోతూ మాత్రం, వచ్చే ఆదివారం తన కుమారుని కూడ వెంటబెట్టుకొని వస్తానని చెప్పినాడు. ఆ బాలునికి తాతగారి రీలు విప్పి చూపించవలెనట.