ఆదోని గుమాస్తా నుంచి ఆంధ్ర నాటక పితామహుడి దాకా.. పాటలు రాసి, వేషం కట్టి, రైలెక్కి మద్రాసును ఊపేసిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు కథ ఇదీ!

ఇప్పుడు ఒక కుర్రాడు పాట రాసి, తనే ట్యూన్ కట్టి, ఫోన్‌లో రికార్డ్ చేసి అప్‌లోడ్ చేస్తే చాలు. క్లిక్ అయితే షోలకు పిలుపులు వస్తాయి. ఊరూరా తిరగొచ్చు. వెనక పెద్ద కంపెనీ అక్కర్లేదు. అయితే మైకు, రికార్డు, రేడియో ఏవీ లేని రోజుల్లోనే ఒకాయన ఇదే పని చేసి చూపించారు. నాటకం ఆయనదే, అందులో పాటలు ఆయనవే, స్టేజీ ఎక్కేదీ ఆయనే. ఆయన పేరు ధర్మవరం రామకృష్ణమాచార్యులు. ఆయన ఉద్యోగ జీవితం మొదలైన ఊళ్లలో మన ఆదోని ఒకటి.

ఆదవానిలో గుమాస్తాగిరీ

రామకృష్ణమాచార్యులు 1853లో అనంతపురం జిల్లా ధర్మవరంలో పుట్టారు. సంప్రదాయ వైష్ణవ పండిత కుటుంబం. సంస్కృతం, తెలుగు ఇంట్లోనే వచ్చాయి. ఇంగ్లీషు చదువు బళ్లారిలో అబ్బింది. చదువయ్యాక ఆదవాని తాలూకా కచేరీలో కొన్నాళ్లు గుమాస్తాగా పనిచేశారు. ఆదవాని అంటే ఇప్పటి ఆదోనే. అప్పట్లో ఆదోని కర్నూలు జిల్లాలో లేదు, బళ్లారి జిల్లాలో ఉండేది. చేనేత మగ్గాల ఎమ్మిగనూరు కూడా ఆ ఆదోని తాలూకాలోదే. ఈ ప్రాంతం జనానికి కోర్టు పనైనా, కలెక్టర్‌తో పనైనా, పెద్ద చదువైనా బళ్లారే దిక్కు.

కచేరీ ఉద్యోగం దగ్గరే ఆయన ఆగిపోలేదు. ప్లీడరు పరీక్ష పాసై బళ్లారిలో వకీలుగా స్థిరపడ్డారు. కోర్టులో మంచి పేరు వచ్చింది, చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. ఆయన తర్వాతి జీవితానికి ఇదే కీలకం. నాటకం మీద బతకాల్సిన అవసరం లేదు కాబట్టి నాటకాన్ని తనకు నచ్చినట్టు రాసుకునే స్వేచ్ఛ దొరికింది.

టర్నింగ్ పాయింట్ 1886

అప్పట్లో బళ్లారి మూడు భాషల కూడలి. తెలుగు, కన్నడ, మరాఠీ మూడూ వినిపించేవి. బయటి నాటక సమాజాలు డేరాలు వేసుకుని ఆడుతుంటే జనం ఎగబడి చూసేవాళ్లు. మరి తెలుగులో ఏది? వీధి భాగవతాలు, యక్షగానాలు ఉన్నాయి. కానీ తెరలు కట్టి, రంగాలు మార్చి ఆడే సొంత తెలుగు నాటకం అప్పటికి ఇంకా తొలి అడుగుల్లోనే ఉంది.

ఆ లోటు ఆయన్ను కుదురుగా ఉండనివ్వలేదు. 1886లో బళ్లారిలో సరస వినోదిని సభ పెట్టారు. చిత్రనళీయం రాశారు. నలదమయంతుల కథే, కొత్తగా చెప్పారు. 1887లో అది స్టేజీ ఎక్కింది. అంతే, ఇక వెనక్కి తిరిగి చూడలేదు. పాదుకా పట్టాభిషేకం, ప్రహ్లాద, మోహినీ రుక్మాంగద, బృహన్నల, ప్రమీలార్జునీయం, చిరకారి, అజామిళ.. ఇలా సుమారు 30 నాటకాలు రాశారు.

రచయితగా పక్కన కూర్చునే టైపు కూడా కాదు. పాదుకా పట్టాభిషేకంలో కొడుకును అడవికి పంపి కుమిలిపోయే దశరథుడి వేషం ఆయనే కట్టారు. విషాద సారంగధరలో రాజరాజనరేంద్రుడు కూడా ఆయనే.

పాటే ఆయుధం.. పాటపైనే విమర్శ

ఇంగ్లీషు నాటకాల్లోలా అంకాలను రంగాలుగా విడగొట్టడం ఒక మార్పు. అంతకంటే పెద్ద మార్పు పాట. మాటల మధ్య పద్యాలు, పాటలు కూర్చి నాటకం నడిపించారు. పాత్ర ఏడ్చినా పాటే, ప్రేమించినా పాటే. మైకు లేని స్టేజీ మీద చివరి వరుసలో కూర్చున్న వాడికి కూడా కథ అందాలంటే గొంతు తప్ప దారి లేదు మరి.

అయితే ఇది అందరికీ నచ్చలేదు. నాటకంలో ఇన్ని పాటలేంటన్న విమర్శ గట్టిగానే వచ్చింది. చావుబతుకుల సీన్‌లో రాగం తీస్తే సహజంగా ఉంటుందా అన్నది విమర్శకుల పాయింట్. అందులో న్యాయం లేకపోలేదు. కానీ జనం తీర్పు వేరేలా వచ్చింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు తెలుగు నాటకం పద్యం, పాటల మీదే నడిచింది. గ్రామఫోన్ రికార్డులు వచ్చాక ఇళ్లలో మోగింది కూడా ఆ నాటక పద్యాలే.

ఇంకో సాహసం విషాద సారంగధర. నాటకం శుభంతో ముగియాలన్నది సంస్కృత సంప్రదాయం. ఆయన ఆ రూల్‌ను పక్కన పెట్టేశారు. అబద్ధపు నిందకు బలైన కొడుకు కథను విషాదంగానే ముగించారు. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా దీన్నే చెబుతారు.

మద్రాసు టూర్.. ఒక కుర్రాడి జీవితం మారింది

అప్పటికే బొంబాయి, మద్రాసు మధ్య రైలు మార్గం ఆదోని, గుంతకల్లు మీదుగా పడింది. ఆ రైలే నాటకాన్ని ఊరు దాటించింది. 1891లో సరస వినోదిని సభ మద్రాసు వెళ్లి విక్టోరియా పబ్లిక్ హాల్లో నాటకాలు ఆడింది.

ఆ ప్రేక్షకుల్లో 18 ఏళ్ల తమిళ కుర్రాడు ఒకడున్నాడు. పేరు పమ్మల్ సంబంధ ముదలియార్. అప్పట్లో నాటకమంటే చదువుకున్న ఇళ్లలో చిన్నచూపు. ఆ కుర్రాడిదీ అదే అభిప్రాయం. తీరా చూస్తే స్టేజీ మీద ఉన్నది వకీళ్లు, చదువుకున్న పెద్దమనుషులు! అతని ఆలోచన ఒక్కసారిగా మారిపోయింది. అదే ఏడాది జూలై 1న మద్రాసులో సుగుణ విలాస సభ పుట్టింది. ఆ కుర్రాడు తర్వాత జడ్జి అయ్యాడు, 90కి పైగా నాటకాలు రాశాడు, ఆధునిక తమిళ నాటకానికి పెద్దదిక్కు అయ్యాడు. 1959లో పద్మభూషణ్ కూడా అందుకున్నాడు. అంటే తమిళ నాటకంలో వచ్చిన ఆ కొత్త గాలికి మూలం బళ్లారి నుంచి వెళ్లిన తెలుగు బృందం అన్నమాట.

ఒకే ఊళ్లో ఇద్దరు ప్లీడర్లు

బళ్లారిలో ఆయనకు సరిజోడు కూడా ఉన్నారు. కోలాచలం శ్రీనివాసరావు. ఆయనా ప్లీడరే, ఆయనా నాటకకర్తే. ఆయన సభ పేరు సుమనోరమ. రామకృష్ణమాచార్యులు ఎక్కువగా పురాణాల వైపు వెళ్తే, కోలాచలం చరిత్ర కథల మీద దృష్టి పెట్టారు. ఒకే ఊళ్లో రెండు సభలు, ఇద్దరు వకీళ్లు. పోటీ మామూలుగా లేదు. లాభపడింది మాత్రం తెలుగు నాటకమే.

1910లో గద్వాల సంస్థానం రామకృష్ణమాచార్యులను ఆంధ్ర నాటక పితామహ బిరుదుతో గౌరవించింది. ఆ తర్వాత రెండేళ్లకే, 1912 నవంబర్‌లో ఆయన కన్నుమూశారు. ఆయన మేనల్లుడే బళ్లారి రాఘవ. మేనమామ వేసిన స్టేజీ మీద ఎదిగిన రాఘవ 1928లో ఇంగ్లండ్ వెళ్లి అక్కడి నాటకరంగాన్ని పలకరించి వచ్చారు.

గీత మారింది.. గుర్తు చెరిగింది

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి. బళ్లారి మైసూరు రాష్ట్రంలోకి వెళ్లిపోయింది. అలా ఆంధ్ర నాటక పితామహుడి స్టేజీ ఇప్పుడు కర్ణాటకలో ఉంది, ఆయన గుమాస్తాగిరీ చేసిన ఊరు ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. సరిహద్దు గీత ఒక మనిషి కథను రెండు ముక్కలు చేసింది. సగం కథ అటు, సగం ఇటు. ఎటు చూసినా మొత్తం కనిపించని పరిస్థితి.

ఆయన నాటకాలు పుస్తకాలుగా మిగిలాయి. పాటలు కాగితం మీద ఉన్నాయి. కానీ కాగితం మీద పాట సగం పాటే. ఆ రాత్రుల్లో జనాన్ని కదలకుండా కూర్చోబెట్టిన దశరథుడి గొంతు ఎలా ఉండేదో కాగితం చెప్పదు. ఇవాళ ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో ఏ కుర్రాడైనా ఫోన్ ముందు కూర్చుని సొంత పాట పాడుకుంటుంటే, ఆయనకు దక్కనిది ఆ కుర్రాడికి దక్కినట్టే. ఆ పని ఇక్కడి నుంచే ఒక గుమాస్తా ఎప్పుడో మొదలుపెట్టాడన్న సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి.