అంతర్జాల పేర్ల పద్దు నడిపిన జాన్ పోస్టెల్

ఇంట్లో రెండు మూడు లినక్స్ కంప్యూటర్లు ఉన్నవారికి, ఒకదాని నుంచి మరొకదానిని పేరుతో పిలవాలనుకున్నప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంది. యంత్రాలు ఒకదానినొకటి గుర్తించేది 192.168తో మొదలయ్యే సంఖ్యల వంటి వాటితో. మనుషులకు గుర్తుండేది పేర్లు. ఈ రెండింటినీ జతపరిచేందుకు లినక్స్‌లో ‘హోస్ట్స్’ అనే చిన్న ఫైలు ఉంది. వరుసకొక సంఖ్య, దాని పక్కన పేరు రాస్తే చాలు. చాలా లినక్స్ వ్యవస్థలు ముందుగా ఈ ఫైలును చూసి, పేరు దొరకకపోతేనే నేమ్ సర్వర్‌ను అడుగుతాయి. ఒకప్పుడు అమెరికాలోని యావత్ ఆర్పానెట్ ఇలాంటి ఒకే జాబితాపై నడిచింది. ఆ జాబితాకు కాలం చెల్లిందని గుర్తించి, దాని స్థానంలో నేటి డొమైన్ నేమ్ వ్యవస్థ రావడానికి బాటలు వేసినవారిలో ప్రముఖుడు జాన్ పోస్టెల్.

పోస్టెల్ 1943 ఆగస్టు 6న కాలిఫోర్నియాలో జన్మించారు. వింటన్ సెర్ఫ్, స్టీవ్ క్రాకర్‌లతో పాటు వాన్ నైస్ ఉన్నత పాఠశాలలో చదివారు. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉండగానే, 1969లో ఆర్పానెట్ తొలి కేంద్రం అక్కడ ఏర్పడింది. ఏ పనికి ఏ సంఖ్య కేటాయించారో ఎవరో ఒకరు రాసిపెట్టాలి. ఆ పనిని ఆయన స్వచ్ఛందంగా తీసుకున్నారు. చేతి పుస్తకంలో మొదలైన ఆ లెక్కే తర్వాతి కాలంలో ‘ఐఏఎన్ఏ’ అనే వ్యవస్థ అయింది. నెట్‌వర్క్ నియమాలను ప్రకటించే ఆర్ఎఫ్‌సీ పత్రాల సంపాదకత్వాన్ని కూడా చివరి వరకు ఆయనే చూశారు. గడ్డం, పొడవాటి జుట్టు, కాళ్లకు చెప్పులు. అధికారిని తలపించే లక్షణం ఆయనలో ఒక్కటీ లేదు.

పేర్ల జాబితాను మాత్రం మెన్లో పార్కులోని ఎస్ఆర్ఐ సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం నిర్వహించేది. కొత్త కంప్యూటర్ చేరితే ఆ బృందానికి తెలియజేయాలి. వారు జాబితా సవరించాలి. మిగిలిన కేంద్రాలన్నీ దాన్ని మళ్లీ దింపుకోవాలి. యంత్రాలు పెరిగేకొద్దీ ఒకే పేరును ఇద్దరు కోరుకోవడం, పాత ప్రతితోనే కొందరు నెట్టుకురావడం మామూలయ్యాయి. ఇంటి నెట్‌వర్క్‌లోనూ ఇదే ఇబ్బంది. రౌటర్ ఒక యంత్రానికి సంఖ్య మార్చితే మిగతా అన్ని యంత్రాల హోస్ట్స్ ఫైళ్లనూ దిద్దుకోవాలి. అందుకే రౌటర్‌లో సంఖ్యను స్థిరపరచడమో, ‘డాట్ లోకల్’ పేర్లకు యంత్రాలే స్వయంగా బదులిచ్చేలా అవాహి వంటి ప్రోగ్రామును వాడడమో నేడు చేస్తున్నారు.

1977లో ఇన్ఫర్మేషన్ సైన్సెస్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన పోస్టెల్, అక్కడి సహోద్యోగి పాల్ మొకాపెట్రిస్‌కు ఈ సమస్యను అప్పగించారు. అప్పటికే వచ్చిన ప్రతిపాదనలను పరిశీలించి రాజీ కుదర్చమన్నది ఆయన ఉద్దేశం. మొకాపెట్రిస్ వాటిని పక్కనబెట్టి సొంత రూపకల్పన చేశారు. చెప్పిన పని చేయలేదని పోస్టెల్ పట్టుబట్టకపోవడం మేలైంది. 1983 నవంబరులో వెలువడిన ఆ పథకంలో ఒక్క పెద్ద జాబితా ఉండదు. ఎవరి శాఖలోని పేర్లను వారే చూసుకుంటారు.

1984లో జాయిస్ రేనాల్డ్స్‌తో కలిసి పోస్టెల్ డాట్ కామ్, డాట్ ఈడీయూ వంటి పై స్థాయి శాఖలను, దేశాలకు రెండక్షరాల సంకేతాలను ప్రకటించారు. ఏది దేశం, ఏది కాదు అనే వివాదంలోకి తాము దిగకూడదని అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ జాబితానే ఆధారంగా తీసుకున్నారు. ఆయన నిర్ణయాల్లో అన్నింటికన్నా దూరదృష్టి గలది ఇదేననిపిస్తుంది. భారత్‌కు డాట్ ఇన్ 1989లో దక్కింది. తెలుగు లిపిలో డాట్ భారత్ ఆయన మరణించిన చాలా ఏళ్లకు వచ్చింది.

1990లలో పేర్లు వ్యాపార సరుకయ్యాయి. మూల జాబితా ఎవరి అధీనంలో ఉండాలన్నది పెద్ద తగాదా అయింది. 1998 జనవరి 28న పోస్టెల్, మూల జాబితాను నెట్‌వర్క్ సొల్యూషన్స్ కంపెనీ యంత్రం నుంచి కాక ఐఏఎన్ఏ యంత్రం నుంచి తీసుకోవాలని ఎనిమిది మంది రూట్ సర్వర్ నిర్వాహకులను కోరారు. వారు ఆయన మాట మన్నించారు. వాడుకదారులకు ఏ మార్పూ కనిపించలేదు. కానీ వైట్‌హౌస్ సలహాదారు ఇరా మెగజైనర్ తీవ్రంగా స్పందించడంతో, అది పరీక్ష మాత్రమేనని చెప్పి ఆయన వెనక్కి తగ్గారు. పరీక్షో, హెచ్చరికో గానీ, అప్పటిదాకా నెట్‌వర్క్ నమ్మకంపైనే నడిచిందన్న సంగతి, ఆ నమ్మకానికి చట్టబద్ధమైన ఆధారం లేదన్న సంగతి ఒకేసారి బయటపడ్డాయి.

ఆ బాధ్యతను స్వీకరించేందుకు 1998 సెప్టెంబరులో ఐకాన్ సంస్థ ఏర్పడింది. దాని రూపకల్పనలో పాలుపంచుకున్న పోస్టెల్ అక్టోబరు 16న, గుండె కవాటానికి జరిగిన శస్త్రచికిత్స అనంతర సమస్యలతో, 55 ఏళ్ల వయసులో లాస్ ఏంజెలెస్‌లో మరణించారు. మరుసటి రోజు సెర్ఫ్ రాసిన నివాళి, మిత్రుడు దశాబ్దాలపాటు దిద్దిన ఆర్ఎఫ్‌సీల వరుసలోనే 2468వ పత్రంగా ప్రచురితమైంది.